వానలకు ముందు ఫైబర్ ట్రైలర్‌ను కడిగి భద్రపరచడం ఎలా?

మే నెల సగానికి వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకే ప్రశ్న: “ట్రైలర్ మీద కవరు కప్పి పక్కన పెట్టేద్దామనుకుంటున్నాం. ఈలోగా కడగడం అవసరమా? దేనితో కడగాలి?” కారు వెనక తగిలించుకుని అరకు, లంబసింగి వెళ్లి రాత్రి అందులోనే పడుకునే చిన్న ఫైబర్ ట్రైలర్లు విశాఖలో ఎక్కువ లేవు. వాటిని ఎలా చూసుకోవాలో చెప్పేవారు అంతకన్నా తక్కువ. అందుకే ఇన్నేళ్లుగా ఒక్కొక్కరికి విడిగా చెబుతున్నదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. బీచ్ రోడ్డులో ఫైబర్ బాడీ టిఫిన్ బండి నడుపుతున్నవారికి కూడా బయటి భాగం వరకు ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదట ఒక తేడా గుర్తుంచుకోండి. ఈ బండ్లు పుట్టింది చలి దేశంలో. గుడ్డు పెంకులా రెండు ముక్కలుగా పోతపోసి నడుమ అతికించే ఈ తరహా ట్రైలర్ 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో తయారైంది. అక్కడ చలికాలానికి ముందు కడిగి దాస్తారు. పైపుల్లో మిగిలిన నీరు గడ్డకడితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరిగి పైపులు పగులుతాయి. అందుకే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ద్రవం పోస్తారు. వీడియోలు చూసి ఆ ద్రవం తెప్పించుకున్నవారు ఇక్కడ కూడా నాకు తెలుసు. విశాఖలో దాని అవసరం లేదు. మనకు చలికాలమే తిరిగే కాలం. మన బండి మూలన పడేది జూన్ నుంచి అక్టోబరు వరకు. ఆ నాలుగైదు నెలలు బండిని తినేసేవి రెండే: ఉప్పు, చెమ్మ. కింద రాసినదంతా ఆ రెంటినీ బండి నుంచి వదిలించడానికే.

ఎప్పుడు కడగాలి

రోహిణి కార్తెలో. రోళ్లు పగిలే ఎండలని మనం విసుక్కునే ఆ రెండు వారాలే, అంటే మే 25 ప్రాంతం నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా, ఈ పనికి తగిన కాలం. ఎండ బండిని ఆరబెట్టడానికే తప్ప కడగడానికి పనికిరాదు. తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిది లోపు నీళ్ల పని ముగించాలి. ఎండెక్కాక ఫైబర్ వేడెక్కితే సబ్బు నీరు కడిగేలోపే ఆరిపోయి, ముగ్గు చారల్లాంటి మచ్చలు వదిలిపెడుతుంది. ఆ మచ్చలు పోగొట్టడానికి మళ్లీ అంత పని పడుతుంది.

మొత్తానికి మూడు రోజులు కేటాయించుకోండి. మొదటి రోజు కడగడం, రెండో రోజు ఆరబెట్టడం, మూడో రోజు వ్యాక్స్ పట్టించి కవరు కప్పడం. ఒక్క ఆదివారంలో అన్నీ ముగించాలనుకుంటే ఆరబెట్టే దశ దగ్గరే మోసం జరుగుతుంది.

కావలసినవి

కుళాయికి తగిలించే పొడవాటి పైపు, బకెట్లు మూడు. కారు షాంపూ (సీసా మీద రాసిన మోతాదు చాలు, ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రపడదు). పొడవాటి పిడి ఉన్న మెత్తటి బ్రష్షు ఒకటి, పెద్ద స్పాంజీలు రెండు, మైక్రోఫైబర్ గుడ్డలు అరడజను, పాత పళ్ల బ్రష్షులు. వంటసోడా, తెల్ల వెనిగర్, నిమ్మకాయలు, కొంచెం కిరోసిన్. నీటికి తట్టుకునే టేపు, టార్చిలైటు, పాత వార్తాపత్రికలు. ఫైబర్‌కు పనికొచ్చే వ్యాక్స్. పడవలకు, కార్లకు వాడేదేదైనా సరే. ఒక నిచ్చెన, దాని పై కొసలకు పాత తువ్వాళ్లు చుట్టండి.

నీటి విషయంలో ఒక జాగ్రత్త. సముద్రానికి దగ్గరగా ఉన్న చాలా ఇళ్ల బోరు నీరు ఉప్పగానో, సున్నం ఎక్కువగానో ఉంటుంది. ఆ నీటితో కడిగితే ఉప్పు తీసి ఉప్పు రాసినట్టే. మునిసిపల్ కుళాయి నీరు ముందురోజే డ్రమ్ములో పట్టి ఉంచుకోండి. వేసవిలో నీటి ఎద్దడి అందరికీ తెలిసిందే కనుక పైపు వదిలేసి ధారగా పోయొద్దు. నా పదమూడు అడుగుల బండికి పన్నెండు బకెట్లు సరిపోతాయి. బోరు నీరు తప్ప మరో దారి లేకపోతే అన్నీ దానితోనే కడిగి, చివరి రెండు మూడు బకెట్లు మాత్రం మంచినీటితో పోసి వెంటనే తుడిచేయండి.

ఇవి దగ్గరకు కూడా రానివ్వొద్దు: బాత్‌రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ పొడి, గిన్నెలు తోమే ఇనుప పీచు, ఆకుపచ్చ స్క్రబ్బర్, థిన్నర్. ఫైబర్ పైన మెరిసే పొర పేరు జెల్‌కోట్. దాని మందం సుమారుగా అర మిల్లీమీటరు. ఒకసారి గీసుకుపోతే ఆ గీతల్లోనే మురికి, బూజు స్థిరపడతాయి. ఇనుప పీచుతో మరో నష్టం కూడా ఉంది. దాని నలుసులు పొరలో ఇరుక్కుని, వానలు పడ్డాక ఒక్కొక్కటీ తుప్పు చుక్కగా మారుతుంది.

కడిగే విధానం

1. ముందురోజు రాత్రి టార్చితో చూడండి. లైటును గోడకు ఆనించినంత ఏటవాలుగా పట్టుకుంటే పగటి వెలుగులో కనిపించని సన్నని పగుళ్లు, గీతలు నీడలుగా బయటపడతాయి. పై పెంకు, కింది పెంకు కలిసే నడుమ పట్టీ, కిటికీల చుట్టూ రబ్బరు బీడింగు, పైకప్పు వెంట్, రివెట్ల మీది ప్లాస్టిక్ మూతలు, ఈ నాలుగు చోట్లా ఆగి చూడండి. ఊడిన మూతలు ఎన్నో లెక్కపెట్టుకోండి. అనుమానం ఉన్న చోటల్లా ఫోనుతో ఫోటో తీయండి. వచ్చే ఏడాది పగులు పెరిగిందో లేదో అదే చెబుతుంది.

2. రంధ్రాలు మూయండి. ఫ్రిజ్ వెనకవైపు జల్లెడ మూత, కరెంటు ప్లగ్గు పెట్టే చోటు, గ్యాస్ పొగ బయటికి వెళ్లే గొట్టం, తాళపు రంధ్రం, వీటి మీద టేపు వేయండి. మూసేముందు జల్లెడలోంచి లోపలికి లైటు వేసి చూడండి. కందిరీగలు మట్టి గూళ్లు కట్టుకోవడానికి ఈ మూలలే వెతుక్కుంటాయి.

   ప్రెషర్ నీటితో కడిగించవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. మూడేళ్ల కిందట నాకు తీరిక లేక శివారులోని ఒక వాటర్ సర్వీసింగ్ షెడ్డుకు బండి తీసుకెళ్లాను. కుర్రవాడు కష్టపడి పనిచేశాడు, బండి తళతళలాడింది. ఆ నీటి దెబ్బకు కిటికీ బీడింగు కింద నీరు దూరకుండా పెట్టిన సీలెంట్ లేచిపోయి, లోపలి గోడకు అంటించిన మెత్త నెల రోజులు తడిగానే ఉండిపోయింది. ఆ వాసన పోవడానికి మరో నెల పట్టింది. చేతి పైపు వేగమే చాలు.

3. పని కింది నుంచి మొదలుపెట్టండి. అందరూ గోడలు మిలమిలలాడేలా కడిగి, కింది ఇనుప చట్రాన్ని వదిలేస్తారు. నా దృష్టిలో ఇదే అన్నింటికంటే పెద్ద పొరపాటు. రుషికొండ, భీమిలి, మంగమారిపేట ఇసుక దగ్గర ఒక్కసారి బండి ఆపినా ఉప్పు పట్టేది చట్రానికి, పట్టీలకు, కారుకు తగిలించే కొక్కేనికి. ఫైబర్ తుప్పు పట్టదు. దాన్ని మోసే ఇనుము పడుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చడం చూసే ఉంటారు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తానే నీరవుతుంది. చట్రం మూలల్లో ఉన్న ఉప్పు కూడా అంతే. పైన కవరు ఉన్నా, వాన చుక్క తగలకపోయినా ఇనుము నాలుగు నెలలు తడిలోనే ఉంటుంది.

   పైపును చట్రం వెంట నెమ్మదిగా నడపండి. చట్రపు గొట్టాల కొసలు తెరిచి ఉంటే వాటిలోకి కూడా నీరు పంపండి, రెండో కొస నుంచి ఇసుకతో బయటికి వస్తుంది. నీరు తేటగా వచ్చేదాకా ఆపొద్దు. చక్రాల మధ్య బేరింగ్ మూతల మీదికి మాత్రం నేరుగా కొట్టొద్దు. అరకు ఘాట్ రోడ్డులో అంటిన ఎర్రమట్టి చక్రాల పైభాగంలో గట్టిపడి ఉంటుంది. దాన్ని గీకకండి. తడిపి పావుగంట వదిలితే పెళ్లలుగా రాలిపోతుంది.

4. బాడీని మంచినీటితో రెండుసార్లు తడపండి. పైకప్పు నుంచి కిందికి ఒకసారి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ఒకసారి. మొదటిది దుమ్మును నానబెడుతుంది, రెండోది తీసుకుపోతుంది. ఈ దశలో బట్ట, స్పాంజి ఏదీ తగలకూడదు. పొడి ఇసుక మీద గుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే.

5. మరకలు. షాంపూకు ముందే వీటి సంగతి చూడాలి. ప్రతి మరకకూ దాని మందు వేరు కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఏ మందైనా ముందు కనిపించని మూలలో అరచేయంత మేర వాడి చూసి, తర్వాతే ముందుకు వెళ్లండి.

   కాకి రెట్ట ఎండిపోయి ఉంటే గోటితో గీకొద్దు. తడి వార్తాపత్రిక ముక్కను దానిమీద అతికించి పది నిమిషాలు ఉంచండి. కాగితంతో పాటే వచ్చేస్తుంది.

   కిటికీల మూలల నుంచి కిందికి జారే నల్లచారలు ఈ బండ్లన్నింటికీ ఉంటాయి. మంచు, వాన బీడింగులోని దుమ్మును కడిగి గోడ మీదికి తేవడం వల్ల వస్తాయవి. వంటసోడాలో కొద్దిగా నీరు కలిపి దోసెపిండి పలుచన చేసి, తడి గుడ్డతో అద్ది మెల్లగా పైనుంచి కిందికి తుడవండి. పాత నగరం వైపు ఉండే వారి బండ్ల మీద నల్లటి సన్నని దుమ్ము జిడ్డులా పట్టి ఉంటుంది. దానికి సోడా కన్నా షాంపూ నీరు రెండు సార్లు పట్టించడం మేలు.

   నేరేడు మరక ప్రత్యేకం. మే చివర్లో చెట్టు కింద బండి నిలిపితే ఊదా రంగు చుక్కలు తప్పవు. చాలామంది చేయి ముందు వంటసోడా మీదికే వెళుతుంది. సోడా తగలగానే ఆ ఊదా రంగు కళ్లముందే నీలంగా మారుతుంది. భయపడకండి, రంగు మారిందే తప్ప మరక పెరగలేదు. నేరేడు రంగుకు పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సోడా తగిలితే నీలమవుతుంది. అందుకే దీనికి పులుపు వాడాలి. నిమ్మరసం అద్ది ఐదు నిమిషాలు ఆగి కడగండి. గులాబీ ఛాయ మిగిలితే వదిలేయండి. మర్నాటి ఎండ చాలా వరకు దాన్ని తీసేస్తుంది.

   వేప బంక గోరువెచ్చని నీటికే నానుతుంది. మామిడి సొన నానదు. దానికి కొబ్బరినూనె రాసి అరగంట ఆగి, తర్వాత షాంపూతో ఆ జిడ్డు తీయాలి. రోడ్డు తారు చుక్కలకు గుడ్డకు కొద్దిగా కిరోసిన్ అద్ది తుడిచి, వెంటనే సబ్బునీటితో కడగండి. కిరోసిన్ కిటికీలకు, రబ్బరుకు తగలనివ్వకూడదు.

   రివెట్ల చుట్టూ గోధుమరంగు తుప్పు నీరు కారి ఉంటే నిమ్మరసం పనిచేస్తుంది. ఆ మరక ఒక సమాచారం కూడా. మూత కిందికి నీరు వెళుతోందని దాని అర్థం. ఆ రివెట్టుకు గుర్తు పెట్టుకోండి.

   బోరు నీటి తెల్ల మచ్చలకు సగం వెనిగర్, సగం నీరు. తుడిచి కడిగేయండి, ఆరనివ్వొద్దు.

6. షాంపూ. ఒక బకెట్‌లో షాంపూ నీరు, రెండో దానిలో మామూలు నీరు, మూడోది చక్రాలకు విడిగా. స్పాంజి షాంపూలో ముంచి రెండు చేతుల వెడల్పు మేర తుడవండి, మామూలు నీటిలో జాడించి పిండండి, మళ్లీ షాంపూలో ముంచండి. ఇదంతా చాదస్తంగా అనిపిస్తే పని ముగిశాక రెండో బకెట్ అడుగున చేయిపెట్టి చూడండి. అక్కడ దొరికే ఇసుకంతా లేకపోతే గోడమీద తిరిగేదే. స్పాంజి కింద పడితే కడగకుండా మళ్లీ వాడొద్దు.

   గుండ్రంగా తిప్పకుండా నిలువుగా తుడవండి. ఒక వైపు పూర్తికాగానే కడిగేసి మరో వైపుకు వెళ్లండి. పైకప్పుకు నిచ్చెన మీద నుంచి పొడవాటి బ్రష్షు వాడండి. పైకి ఎక్కొద్దు. బరువుకు ఫైబర్ వంగుతుంది, జెల్‌కోట్ వంగదు. సాలెగూడులా సన్నని పగుళ్లు వచ్చేది అలాగే. నిచ్చెన బండికి ఆనించాల్సి వస్తే తువ్వాలు చుట్టిన కొసలు నడుమ పట్టీ మీద ఆనాలి. ఇద్దరు లేనిదే ఈ పని వద్దు. తడి నేల మీద నిచ్చెన పట్టుకోవడానికి కింద ఒకరుండాలి.

   పళ్ల బ్రష్షుతో బీడింగు గాడులు, తలుపు కీళ్లు, వెంట్ మూత అంచులు శుభ్రం చేయండి. కిటికీల అడుగున నీరు బయటికి పోవడానికి చిన్న చిల్లులుంటాయి. వాటిని అగ్గిపుల్లతో తెరవండి. ఈ చిల్లులు మూసుకుపోతే వాన నీరు బయటికి పోలేక లోపలికి తిరుగుతుంది. చాలా “లీకులు” ఇవే.

7. కిటికీలు అద్దమనుకోవద్దు. చాలా ట్రైలర్లలో ఉండేది యాక్రిలిక్. ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం, స్పిరిటు తగిలితే లోపల జుట్టులాంటి పగుళ్లు వచ్చి మసకబారుతుంది, మళ్లీ బాగుకాదు. షాంపూ నీరు, మెత్తటి గుడ్డ, అంతే. పొడిగా ఎప్పుడూ తుడవొద్దు.

8. తడిగా ఉండగానే లీకు పరీక్ష చేయండి. దీన్ని వదిలేస్తే వానలో బండే మీకు చూపిస్తుంది. వార్తాపత్రికను నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపి, లోపల ప్రతి కిటికీ కింద, వెంట్ చుట్టూ, నడుమ పట్టీ వెంట, మూలల్లో దూర్చండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. బయట ఒకరు మెల్లటి ధారను ముందు కిటికీ కింది అంచు మీద, తర్వాత పక్కల, చివరగా పై అంచు మీద, ఒక్కోచోట మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. కింది నుంచి పైకి వెళ్లడానికి కారణముంది. పై నుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లకూ జారి, ఎక్కడ దూరిందో తెలియదు. కాగితం రంగు మారితే అదే చోటు. మా ఇంట్లో లోపల కూర్చునేది మా అబ్బాయి. పోయిన ఏడాది “నాన్నా, ఇక్కడ!” అని వాడు చూపించింది కిటికీ దగ్గర కాదు, దానికి జానెడు పైన మూత ఊడిన రివెట్టు దగ్గర. పాత సీలెంట్ గీకి, పూర్తిగా ఆరాక కొత్తది పెట్టాలి. తడి మీద పెట్టిన సీలెంట్ పట్టదు.

9. తుడవడం. గాలికి ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డలతో పైనుంచి కిందికి తుడిచేయండి. తలుపు, కిటికీలు తెరిచి గాడుల్లో ఆగిన నీటిని గుడ్డ కొసతో అద్దండి. రంధ్రాల మీది టేపు తీసేయండి. ఎండలో రోజంతా వదిలితే దాని జిగురు ఒక మరక అవుతుంది. ఆ తర్వాత బండిని కారుకు తగిలించి వీధి చివరిదాకా నెమ్మదిగా తీసుకెళ్లి, రెండు మూడుసార్లు బ్రేకు వేసి తీసుకురండి. బ్రేకు డ్రమ్ముల్లో నీరు నిలవకూడదు.

ఉప్పు పోయిందా? జెల్‌కోట్ ఎలా ఉంది?

బండి ఆరాక నల్లటి నూలు గుడ్డతో ఒక చోట గట్టిగా తుడిచి చూడండి. గుడ్డకు తెల్లగా ఏమీ అంటకపోతే రెండూ బాగున్నట్టే. తెల్లగా అంటితే దానిమీద ఒక నీటి చుక్క వేయండి. కరిగి మాయమైతే ఉప్పు. మళ్లీ మంచినీటితో కడగాలి. కరగకుండా సుద్దపొడిలా ఉండిపోతే అది ఎండకు మాడిన జెల్‌కోట్ పొడి. అలాంటి గోడకు నేరుగా వ్యాక్స్ పట్టిస్తే సున్నం గోడకు నూనె రాసినట్టే ఉంటుంది. ముందు రబ్బింగ్ కాంపౌండ్‌తో, తర్వాత పాలిష్‌తో ఆ పొర తీయాలి. ఒకేసారి బండంతా మొదలుపెట్టకుండా అడుగు చదరం మేర చేసి, నచ్చితేనే కొనసాగించండి. కాంపౌండ్ ప్రతిసారీ కొంత పొరను తినేస్తుంది కనుక ఇది ఏటా చేసే పని కాదు.

లోపలి పని

10. పరుపులు, దిండ్లు, తెరలు అన్నీ బయటికి తీసి డాబా మీద రెండు రోజులు ఎండబెట్టండి, మధ్యలో తిప్పండి. వాటిని మళ్లీ బండిలో పెట్టకుండా ఇంట్లోనే ఉంచుకోవడం మంచిది. చోటు లేకపోతే నిలువుగా, గోడకు తగలకుండా పెట్టండి.

   నీళ్ల ట్యాంకు అడుగు మూత తీసి ఖాళీ చేయండి, కుళాయిలన్నీ తెరిచి ఉంచండి. వాడిన నీటి ట్యాంకును, టాయిలెట్ డబ్బాను కడిగి మూతలు తీసి ఎండబెట్టండి. తినే సరుకు ఒక్క గింజ కూడా ఉండకూడదు. పోయిన డిసెంబరులో డ్రాయరులో మరిచిన అటుకుల పొట్లం చాలు, ఎలుక దారి వెతుక్కుంటూ వస్తుంది. ఫ్రిజ్‌ను వంటసోడా నీటితో తుడిచి, తలుపు మూసుకోకుండా మడిచిన గుడ్డ అడ్డుపెట్టండి. గోడలు, అల్మారాలు సగం వెనిగర్, సగం నీటితో తుడవండి. బూజు మచ్చలుంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని తడిగుడ్డతోనే తీయండి. పొడిగా దులిపితే బండంతా పరుచుకుంటుంది.

   తర్వాత అన్ని తలుపులూ, అల్మారాలూ, మంచం కింది పెట్టెలూ తెరిచి రోజంతా ఎండలో ఉంచండి. సాయంత్రం ఐదుకల్లా మూసేయండి. సూర్యుడు దిగాక సముద్రం మీది నుంచి వచ్చే గాలి పగలంతా ఆరిన దాన్ని మళ్లీ చెమర్చేస్తుంది.

11. ఆరిందో లేదో చేత్తో తాకి నిర్ణయించొద్దు. నేను మొదటి ఏడాది అలాగే చేశాను. నేల పొడిగానే తగిలింది. కవరు కప్పేశాను. సెప్టెంబరులో తలుపు తీస్తే ముక్కవాసన ముఖానికి కొట్టింది. నేల చెక్క కింది నుంచి నల్లటి బూజు జానెడు ఎత్తు పాకి ఉంది. పైన పొడిగా ఉన్న ప్లైవుడ్ లోపల తడి దాచుకుంటుందని అప్పుడు తెలిసింది.

   అప్పటి నుంచి ఇలా చూస్తున్నాను. అడుగు చదరం పలుచని, పారదర్శకమైన పాలిథిన్ షీటును రాత్రి నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు వేస్తాను. తలుపు దగ్గర ఒకటి, సింకు కింద ఒకటి, మంచం కింద ఒకటి. తెల్లారి షీటు లోపలి వైపు మసకగానో, చుక్కలుగానో ఉంటే చెక్కలో చెమ్మ ఉన్నట్టే. ఇంకో రోజు ఎండ కావాలి. మూడూ తేటగా ఉంటేనే ముందుకు వెళ్లండి. సింకు కింద పెట్టింది తరచుగా మూడో రోజుకు గాని తేటపడదు.

వ్యాక్స్, చివరి ఏర్పాట్లు

12. నీడలో, చల్లటి గోడ మీద, పలుచగా పట్టించండి. మందంగా పూస్తే తీయడానికి చేతులు పడిపోతాయి తప్ప మెరుపు పెరగదు. రెండు చేతుల వెడల్పు పూసి, మసకబారాక పొడి గుడ్డతో తీసి, పక్కకు వెళ్లండి. కిటికీల మీద, రబ్బరు మీద పూయొద్దు. తర్వాత చెంబుడు నీళ్లు చల్లండి. తామరాకు మీద నీటిలా పూసలు కట్టి జారిపోవాలి. చాప పరిచినట్టు అంటుకున్న చోట మళ్లీ పూయండి. పైకప్పు ఎవరికీ కనిపించదని వదిలేస్తారు. ఎండా వానా ముందు పడేది అక్కడే.

13. గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేసి, సిలిండర్‌ను బయటికి తీసేయండి. బ్యాటరీ నిండా ఛార్జి చేసి తీగలు విప్పండి. టైర్లలో గాలి సరిచూసి, నేల మీద చెక్క పలక వేసి దానిమీద నిలపండి. చేతి బ్రేకు వేసి నెలలపాటు వదలొద్దు, డ్రమ్ముకు అతుక్కుపోతుంది. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. కొక్కేనికి గ్రీజు రాసి ప్లాస్టిక్ సంచి కట్టండి. బండి ముక్కు భాగం రెండు మూడు అంగుళాలు ఎత్తులో ఉంటే పైకప్పు మీద నీరు నిలవదు.

14. కవరు. ఇక్కడ మన అలవాటే మనకు అడ్డు. వాన అనగానే బరకం తెచ్చి నేల దాకా కప్పి తాడుతో బిగించేస్తాం. బరకం వానను ఆపుతుంది, లోపలి ఆవిరిని కూడా ఆపుతుంది. పగటి వేడికి లేచిన తేమ రాత్రి బరకం లోపల చుక్కలు కట్టి బండి మీదే పడుతుంది. గాలి ఆడే గుడ్డతో చేసిన వాహనాల కవరు కొనగలిగితే కొనండి. లేకపోతే బండికి అడుగు ఎత్తున వెదురు కర్రలతో పందిరిలా కట్టి బరకం దానిమీద వేయండి. పక్కలు తెరిచి ఉండాలి, బరకం ఎక్కడా గోడకు తగలకూడదు. గాలికి కొట్టుకునే గుడ్డ కింద చిక్కిన దుమ్ము గరుకు కాగితంలా పనిచేసి, మీరు పట్టించిన వ్యాక్స్‌నే కాదు, జెల్‌కోట్‌ను కూడా తీసేస్తుంది. షెడ్డులో, అపార్టుమెంటు సెల్లారులో పెట్టేవారికి పలుచని నూలు దుప్పటి చాలు. సెల్లారులో నీరు నిలిచే అలవాటు ఉంటే అక్కడ పెట్టకపోవడమే మంచిది.

   కవరు మధ్యాహ్నం మూడు లోపు కప్పండి. పైకప్పు వెంట్‌ను వేలెడు మందం తెరిచి, దానికి దోమతెర ముక్క కట్టండి. లోపల తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు రెండు పెట్టొచ్చు. వాటిలో నీరు చేరుతుంది కనుక పరుపుల మీద కాకుండా సింకులో ఉంచండి.

దాచిన తర్వాత

వర్షాకాలంలో నెలకు రెండుసార్లయినా తెరపిచ్చిన రోజు చూసుకుని పదకొండు గంటల ప్రాంతంలో తలుపు, కిటికీలు తెరిచి రెండు గంటలు గాలి ఆడనివ్వండి. తలుపు తీసిన మొదటి క్షణంలోనే వాసన చూడండి. కాసేపు నిలబడితే ముక్కు అలవాటుపడి ఏమీ తెలియదు. వాసన ఉంటే మంచం కింద, సింకు కింద పాలిథిన్ షీట్లు మళ్లీ అంటించండి. డబ్బాలోని నీరు పారబోయండి. టైర్లను ఒక జానెడు ముందుకు దొర్లించండి.

అక్టోబరు రాగానే మరో పని చేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద ఎలా విరుచుకుపడిందో చూసినవారికి చెప్పనక్కర్లేదు. ఫైబర్ ట్రైలర్ ఖాళీగా ఉంటే చాలా తేలిక. పైన తెరచాపలా కవరు కూడా ఉంటే గాలి దాన్నే పట్టుకుంటుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే కవరు, పందిరి బరకం విప్పి మడిచి ఇంట్లో పెట్టేయండి. వెంట్ పూర్తిగా మూసి, నీళ్ల ట్యాంకు నింపి బరువు పెంచండి. చట్రానికి నాలుగు మూలలా తాళ్లు వేసి గోడ స్తంభాలకు కట్టండి. తాడును ఫైబర్ మీదుగా తిప్పొద్దు. గాలి తగ్గాక ఆ ట్యాంకు ఖాళీ చేసి, ఉప్పు తుంపర పట్టిన బండిని మంచినీటితో మళ్లీ ఒకసారి తడిపి తుడవండి, కింది చట్రంతో సహా.